నకిలీ హారం: రికార్డో గ్వాలినో జీవితం, ‘చేదు బియ్యం’ చిత్రం

పరిచయం

గత పాఠంలో మీరు ఇటలీ నవ్యవాస్తవిక సినిమా గురించి చదివారు. రోసెల్లినీ, డి సికా, విస్కోంతి వంటి దర్శకుల పేర్లు మీకు ఇప్పటికే పరిచయం. ఆ పాఠంలో ఒక లోపం ఉంది. దాన్ని నేనే రాశాను కాబట్టి ఆ లోపమూ నాదే. అందులో ఎక్కడా ఒక్క నిర్మాత పేరు లేదు. యుద్ధంలో శిథిలమైన దేశంలో, ఫిల్ము కూడా సరిగ్గా దొరకని రోజుల్లో, కొందరు దర్శకులు తమ ఆవేదనతోనే సినిమాలు తీసేశారన్నట్టు రాశాను. సినిమా ఆవేదనతో మొదలు కావచ్చు గానీ డబ్బు లేకుండా పూర్తి కాదు.

ఈ సంగతి నాకు గుర్తు చేసింది ఒక విద్యార్థిని. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆదివారం సంపర్క తరగతిలో జ్యూసెప్పె దె సాంతిస్ తీసిన ‘రీసో అమారో’ చూపించాను. 1949లో విడుదలైన ఈ చిత్రం పేరును మనం ‘చేదు బియ్యం’ అనుకోవచ్చు. ఇటాలియన్‌లో ‘రీసో’ అంటే బియ్యం, నవ్వు అని రెండర్థాలు. ఆ శ్లేష తెలుగులోకి రాదు. ఉత్తర ఇటలీలో వరి మళ్ళలో నాట్లు వేసి కలుపు తీసే ఆడకూలీల కథ ఇది. సినిమా అయ్యాక నేను వర్గపోరాటం గురించి దాదాపు అరగంట మాట్లాడాను. అంతా విన్నాక, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఆ విద్యార్థిని లేచి రెండు ప్రశ్నలు వేసింది. “పొద్దంతా మడిలో నడుము వంచిన మనిషి రాత్రి అట్ల డ్యాన్స్ చేస్తదా సార్?” అన్నది మొదటిది. “ఈ సినిమాకు పైసలు ఎవరు పెట్టిన్రు?” అన్నది రెండోది.

రెండింటికీ ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ పాఠం ఆ జవాబు కోసం నేను చేసిన ప్రయత్నం. ఆ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటేనని నాకు తెలిసింది చాలా ఆలస్యంగా.

పట్టు కాని పట్టు

డబ్బు పెట్టింది లక్స్ ఫిల్మ్ సంస్థ. దాని వెనక ఉన్న వ్యక్తి రికార్డో గ్వాలినో. 1879లో ఉత్తర ఇటలీలోని బియెల్లాలో పుట్టాడు. ఉన్ని మిల్లులకు పేరుపడిన పట్టణం అది. తండ్రిది నగల వ్యాపారం. కొడుకు అటు వెళ్ళకుండా కలప వ్యాపారంలో అడుగుపెట్టాడు. అక్కడి నుంచి సిమెంటు, రొమేనియా అడవులు, రష్యాలో భూములు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఏకంగా ఒక కొత్త పేట కట్టే పథకం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే ఒకసారి బాగా దెబ్బతిన్నాడు, మళ్ళీ లేచాడు. ఇతని జీవితమంతా ఇదే వరస. అప్పు మీద విస్తరించడం, కూలడం, కూలిన చోటికి కాస్త పక్కన మళ్ళీ మొదలుపెట్టడం.

1917లో ఫియట్ అధిపతి జియోవాన్ని అన్యెల్లితో కలిసి ఒక ఓడల కంపెనీ పెట్టాడు. అమెరికా నుంచి ఇటలీకి బొగ్గు తేవడం దాని పని. పొట్టి అక్షరాల్లో దాని పేరు ‘స్నియా’. యుద్ధం ముగిసి ఓడల లాభాలు తగ్గగానే అదే కంపెనీని కృత్రిమ పట్టు తయారీకి మళ్ళించాడు. అక్షరాలు అవే ఉంచి వాటి అర్థం మార్చేశాడు. ‘ఇటాలియన్-అమెరికన్ నౌకాయాన సంఘం’ కాస్తా 1922లో ‘స్నియా విస్కోసా’ అయింది. పెట్టిన పేరును వృథా పోనివ్వని వ్యాపారి అన్నమాట.

కృత్రిమ పట్టు, అంటే రేయాన్, ఏమిటో క్లుప్తంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మన విమర్శకు కీలకం అక్కడే ఉంది. కలప గుజ్జును రసాయనాలతో చిక్కటి ద్రావణంగా మార్చి, సన్నటి రంధ్రాల గుండా పంపి దారంగా తీస్తారు. చూడటానికి పట్టులా మెరుస్తుంది, ధర మాత్రం పట్టు ధర కాదు. అసలు పట్టు కొనలేని గుమాస్తా భార్య, ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి, చిన్న పట్నం టీచరు రేయాన్ మేజోళ్ళు కొనుక్కోగలిగారు. 1920లలో ప్రపంచ రేయాన్ ఉత్పత్తిలో ఇటలీ అమెరికా తర్వాతి స్థానానికి చేరింది. ఇటలీ ఉత్పత్తిలో సగానికి పైగా స్నియాదే. మెరుపు కావాలన్న సామాన్యుల కోరిక ఎంత పెద్ద మార్కెట్టో గ్వాలినో కనిపెట్టాడు. చాక్లెట్ కంపెనీలను కలిపి ‘యూనికా’ పెట్టిందీ ఆ దశాబ్దంలోనే.

ఆ మెరుపుకు ఇంకో వైపు ఉంది. విస్కోస్ పద్ధతిలో కార్బన్ డైసల్ఫైడ్ అనే రసాయనం వాడతారు. దాని ఆవిరి పీల్చినవారి నరాలు దెబ్బతింటాయి, కొందరికి మతి చెదురుతుంది. ఈ జబ్బు గురించి ఐరోపా వైద్యులకు అప్పటికే తెలుసు. తురిన్ శివారు వెనారియాలో ఉన్న స్నియా ఫ్యాక్టరీలోనూ ఈ పద్ధతిలోనే పట్టు తయారయ్యేది. అక్కడ పనిచేసిన వారిలో ఆడవాళ్ళు ఎక్కువమంది. కూలీ స్త్రీల కష్టం గురించిన సినిమాకు ఈ చేతుల మీదుగా డబ్బు వచ్చిందన్న సంగతి గుర్తుంచుకోండి. ఇప్పుడే తీర్పు చెప్పకండి.

ఎందుకంటే కథలో ఇంకో మనిషి ఉన్నాడు. సంపాదించిన డబ్బుతో గ్వాలినో చేసిన పనులు మామూలు ధనికుల పనులు కావు. కళాచరిత్రకారుడు లియోనెల్లో వెంతూరి సలహాతో బొత్తిచెల్లి చిత్రించిన వీనస్‌ను, ఆధునికుడైన మొదిల్యానినీ ఒకే చూపుతో కొన్నాడు. తన ఇంట్లో ఒక చిన్న నాటకశాల కట్టించుకుని దాన్ని తీర్చిదిద్దే పని చిత్రకారుడు ఫెలిచె కాసొరాతికి అప్పగించాడు. 1925లో తురిన్‌లో ఒక పెద్ద నాటకశాల నడపడం మొదలుపెట్టి, దాని బాధ్యత సంగీత విమర్శకుడు గ్విదో గత్తికి ఇచ్చాడు. గత్తి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. వెంతూరి సంగతి కూడా చెప్పాలి. 1931లో విశ్వవిద్యాలయ ఆచార్యులందరూ ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చేయాలన్నప్పుడు నిరాకరించిన అతి కొద్దిమందిలో ఆయన ఒకరు. గ్వాలినో చుట్టూ చేరినవాళ్ళు ఇలాంటివాళ్ళు.

గ్వాలినో ఫాసిజాన్ని ఎదిరించిన వీరుడని మాత్రం అనుకోకండి. లాభాలు వచ్చినంత కాలం ప్రభుత్వంతో సర్దుకుపోయాడు. 1926లో ముస్సోలినీ లిరా విలువను బలవంతంగా పెంచే విధానం ప్రకటించాడు. ఎగుమతుల మీద బతికే రేయాన్ పరిశ్రమకు అది గొడ్డలిపెట్టు. గ్వాలినో అభ్యంతరం చెబుతూ ముస్సోలినీకే లేఖ రాశాడు. ప్రభుత్వానికి అతను కంటగింపు కావడానికి అదొక కారణం. రెండో కారణం అతను తనంతట తాను తవ్వుకున్న గొయ్యి. ఫ్రాన్సులో అల్బేర్ ఉస్త్రిక్ అనే బ్యాంకరుతో అతని లెక్కలు పెనవేసుకుపోయాయి. 1930 చివర్లో ఉస్త్రిక్ బ్యాంకు కూలింది. పారిస్‌లో స్నియా వాటాల అమ్మకానికి అనుమతి ఇచ్చిన ఒక మంత్రి పేరు బయటికి వచ్చి ఫ్రెంచి ప్రభుత్వమే పడిపోయింది. 1931 జనవరిలో గ్వాలినోను అరెస్టు చేసి సిసిలీ దగ్గర లిపారి ద్వీపానికి ప్రవాసం పంపారు. చిత్రాలలో ఎక్కువ భాగం చేయి దాటిపోయాయి. లిపారిలో కూర్చుని ఆత్మకథ రాసుకున్నాడు.

ఇక్కడ చదవడం కాసేపు ఆపండి. ఇప్పటివరకు చదివిన దాన్ని బట్టి ఈ మనిషి ఎలాంటి సినిమాలు తీస్తాడని మీరు ఊహిస్తారో మీ నోటు పుస్తకంలో నాలుగైదు వాక్యాలు రాయండి. తర్వాతి భాగం చదివాక సరిచూసుకోవచ్చు.

గుత్త పద్ధతి

1934లో తురిన్‌లో లక్స్ సంస్థ మొదలైంది. ‘లక్స్’ అంటే లాటిన్‌లో వెలుగు. మొదటి చిత్రం ‘దోన్ బోస్కో’, తురిన్‌లో అనాథ పిల్లలను చేరదీసిన ఒక క్రైస్తవ సాధువు జీవితకథ. ప్రభుత్వానికి గానీ మతపెద్దలకు గానీ కోపం రాని కథ. లిపారి నుంచి వచ్చిన మనిషి మొదటి అడుగు అంతకంటే జాగ్రత్తగా వేయలేడు. తర్వాత ప్రసిద్ధ నవలలు తెరకెక్కించారు. మన్జోనీ నవల ‘ఇ ప్రొమెస్సి స్పోసి’ 1941లో, ఫొగజ్జారో ‘మలోంబ్రా’ 1942లో వచ్చాయి. సంస్థ నిర్వహణ చూసింది ఆ పాత నాటకశాల నడిపిన గ్విదో గత్తియే. అందుకే లక్స్ చిత్రాలకు పిజ్జెత్తి, పెత్రాస్సి వంటి శాస్త్రీయ సంగీతకారులు సంగీతం సమకూర్చారు.

అయితే మన దృష్టి నిలవాల్సింది సంస్థ పనిచేసిన తీరు మీద. లక్స్‌కు స్వంత స్టూడియో లేదు. నెలజీతాల మీద నటీనటుల దండు లేదు. వెనారియాలోలా ఫ్యాక్టరీలు కట్టి, వాటి కోసం అప్పులు చేసి, వాటితో పాటే కూలినవాడు ఈసారి బరువేమీ నెత్తిన పెట్టుకోలేదు. కథ నచ్చితే ఇంత మొత్తమని ఖాయం చేసి కార్లో పోంతి, దీనో దె లారెంతిస్ లాంటి యువ నిర్మాతలకు అప్పగించేవారు. ఆ మొత్తంలో సినిమా పూర్తి చేయడం వాళ్ళ పూచీ. పంపిణీ లక్స్ చూసుకునేది.

ఇది మనకు తెలియని పద్ధతేమీ కాదు. ఊళ్ళో దీన్ని గుత్త అంటాం. ఎకరం నాటుకు ఇంత అని మాట్లాడుకుంటే, ఎంతమంది దిగారు, ఎన్ని గంటలు పట్టింది అన్నది రైతుకు సంబంధం లేదు. త్వరగా ముగిస్తే కూలీలకు లాభం, ఆలస్యమైతే వాళ్ళకే నష్టం. రోజుకూలికీ గుత్తకూ పనిలో తేడా ఉంటుంది. గుత్తలో చేయి వేగంగా కదులుతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య దూరం కాస్త అటూ ఇటూ అవుతుంది. లక్స్ చిత్రాల్లోనూ ఆ వేగం ఉంది. లత్తువాదా ‘ఇల్ బందీతో’, జెర్మీ ‘ఇన్ నోమె దెల్లా లెజ్జె’, దె సాంతిస్ ‘చేదు బియ్యం’ చూడండి. యుద్ధం మిగిల్చిన నిరుద్యోగం, సిసిలీ మాఫియా, కూలీల బతుకు లాంటి కఠిన విషయాలు. వాటిని చెప్పిన తీరులో తుపాకులు, వెంటాటలు, ప్రేమలు, ద్రోహాలు. డి సికా ‘బైసికిల్ థీవ్స్’లో తండ్రీకొడుకులు వీధుల్లో తిరుగుతూనే ఉంటారు, కథకు తొందర లేదు. లక్స్ సినిమాకు తొందర ఉంది. ప్రేక్షకుడు టికెట్టు కొనితీరాలి.

నా తరం విమర్శకులు ఈ తేడాను చూసి పెదవి విరిచారు, నేనూ విరిచాను. డి సికా శుద్ధం, దె సాంతిస్ కల్తీ అనుకున్నాం. ఇప్పుడు అలా అనుకోను. వెర్చెల్లి వరి మళ్ళలో పనిచేసిన ఆడవాళ్ళు తమ గురించి తీసిన సినిమా చూడాలంటే అది వాళ్ళ ఊరి హాలు దాకా రావాలి. అక్కడికి చేర్చింది లక్స్ పంపిణీ.

హారం

ఇప్పుడు సినిమాకు వద్దాం. తురిన్ స్టేషన్లో కూలీ స్త్రీలు రైళ్ళెక్కుతుంటారు. ఏటా నలభై రోజుల పని అది. కూలితో పాటు రోజుకు కిలో బియ్యం. వీళ్ళను ‘మొందీనె’ అంటారు. 1906లోనే వెర్చెల్లిలో సమ్మె చేసి ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్న స్త్రీలకు వారసులు వీళ్ళు. పోలీసుల నుంచి తప్పించుకుంటూ వాల్టర్ అనే దొంగ, అతని ప్రియురాలు ఫ్రాన్చెస్కా అక్కడికి వస్తారు. హోటల్లో దొంగిలించిన ఒక హారం వాళ్ళ దగ్గరుంది. ఫ్రాన్చెస్కా కూలీల గుంపులో కలిసిపోతుంది. సిల్వానా అనే అమ్మాయి కంట ఆ హారం పడుతుంది. సిల్వానా చూయింగ్ గమ్ నములుతుంది, చిత్రకథల పత్రిక చదువుతుంది, గ్రామఫోను పెట్టి అమెరికన్ బూగీ-వూగీ ఆడుతుంది. ఆ హారం అసలుది కాదు, నకిలీ. వాల్టర్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసే దాన్ని సిల్వానా మెడలో వేస్తాడు. ఆ రాళ్ళ మెరుపు చూసి తన తోటివారి కూలి బియ్యం దోచుకునే పథకానికి ఆమె ఒప్పుకుంటుంది, తూము ఎత్తి మళ్ళను ముంచేస్తుంది.

నగల వ్యాపారి కొడుకు, కృత్రిమ పట్టుతో కుబేరుడైనవాడు, నకిలీ హారం కథకు పెట్టుబడి పెట్టాడు. ఇది నాకు తట్టినప్పుడు పెద్ద రహస్యం దొరికిందని పొంగిపోయాను. మీరు పొంగిపోకండి. హారం ఆలోచన గ్వాలినోది కాదు, రచయితలది. దె సాంతిస్ కమ్యూనిస్టు. మెరిసేదంతా నమ్మి సాటి కూలీలకు ద్రోహం చేస్తే ఏమవుతుందో చెప్పడం అతని ఉద్దేశం. గ్వాలినో వేలిముద్ర కథలో వెతికితే దొరకదు. కెమెరా ఎక్కడ నిలబడిందో అక్కడ వెతకాలి.

సిల్వానా పాత్ర వేసినది సిల్వానా మంగానో. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. రెండేళ్ళ ముందు ‘మిస్ రోమ్’గా ఎంపికైన అమ్మాయి. మోకాళ్ళ దాకా నీళ్ళలో, పొట్టి నిక్కరు, తొడల దాకా నల్లటి మేజోళ్ళతో నిలబడి ఉన్న ఆమె బొమ్మతో పోస్టర్లు ప్రపంచమంతా తిరిగాయి. సినిమాను నిర్మించిన దె లారెంతిస్ 1949లో ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. (ఆ మేజోళ్ళు రేయాన్‌వేనా అని ఒక సెమినార్‌లో నన్ను అడిగారు. విమర్శ అంతదూరం వెళ్ళకూడదు.) దర్శకుడు ఈ అమ్మాయి భ్రమలను ఖండిస్తున్నాడు. కెమెరా అవే భ్రమలను టికెట్టు కొన్న మనకు అమ్ముతోంది. ఒకే షాట్‌లో రెండు పనులూ జరుగుతాయి. ఇటలీ కమ్యూనిస్టు విమర్శకులు దీన్ని గుర్తించి దె సాంతిస్‌ను తిట్టారు. కాథలిక్ వర్గాలు వేరే కారణంతో తిట్టాయి. జనం విరగబడి చూశారు.

మిర్యాలగూడ విద్యార్థిని మొదటి ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. మొందీనెలు సాయంత్రాలు నాట్యం చేసిన మాట నిజమే. నలభై రోజులు ఇల్లు వదిలి ఒకచోట చేరిన పడుచు ఆడవాళ్ళకు అదొక్కటే వినోదం. కాబట్టి వాస్తవం దృష్ట్యా ఆమె అనుమానం తప్పు. అయినా ఆమె పట్టుకున్నది సరైనదే. ఆ నాట్యంలో అలసట లేదు. నడుము నొప్పి లేదు. మడిలో వంగిన శరీరానికీ రాత్రి ఊగే శరీరానికీ మధ్య ఏ సంబంధమూ చూపించలేదు. పగలంతా నీళ్ళలో నానిన కాళ్ళు ఎలా ఉంటాయో ఆ విద్యార్థినికి తెలుసు. తెరమీద కాళ్ళు అలా లేవు. మెరుపు కావాలంటే అలసట దాచాలి. రేయాన్ చీర కట్టుకున్నప్పుడు విస్కోస్ ఆవిరి కనపడదు గదా.

సినిమా మొత్తం ఇలాగే ఉందా? లేదు, అందుకే ఇది గొప్ప సినిమా అంటున్నాను. మధ్యలో ఒక ఘట్టం ఉంది. పనిలో మాట్లాడటం నిషేధం కాబట్టి ఆడవాళ్ళు పాటలోనే సంభాషించుకుంటారు. ఒప్పందం ఉన్న కూలీలు, లేని కూలీలు ఆ పాటలోనే కొట్లాడుకుంటారు. ఒప్పందం లేనివాళ్ళు పని నిలుపుకోవడానికి మరింత వేగంగా నాట్లు వేస్తారు. యజమాని మనుషులు చూస్తూ నిలబడతారు. “ఈ కొట్లాట నిజమే సార్,” అంది ఆ విద్యార్థిని. మరో చోట వానలో పనికి దిగినప్పుడు ఒక గర్భిణి మడిలోనే కుప్పకూలుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె కేకలు వినపడకుండా గొంతెత్తి పాడతారు. ఇక్కడ సిల్వానా సైతం అందరిలో ఒకతె. లక్స్ కోరిన వేగమూ, దె సాంతిస్ కోరిన సత్యమూ ఒకదాన్నొకటి మింగకుండా నిలబడిన ఘట్టాలు ఇవి. దర్శకుణ్ణి ఒక్కణ్ణే మెచ్చుకున్నా, నిర్మాతను ఒక్కణ్ణే నిందించినా ఇవి అర్థం కావు.

“పైసలు ఎవరు పెట్టిన్రు” అన్న ప్రశ్నను మీరు ప్రతి సినిమాకూ వేయాలి. ఆ జవాబునే తీర్పుగా మాత్రం రాయకండి. ‘నిర్మాత పెట్టుబడిదారు, కాబట్టి సినిమా అబద్ధం’ అని పరీక్షలో రాస్తే నేనైతే సగం మార్కులు కూడా వేయను. డబ్బు ఏ షరతుల మీద వచ్చింది, ఆ షరతు ఏ షాట్‌లో కనబడుతోంది, ఏ షాట్‌లో దర్శకుడు దాన్ని దాటగలిగాడు అన్నది తేల్చి చెప్పండి.

1950లో పోంతి, దె లారెంతిస్ బయటికి వెళ్ళి సొంత సంస్థ పెట్టుకున్నారు. లక్స్ 1954లో విస్కోంతి ‘సెన్సో’ తీసింది, ఆ తర్వాత క్రమంగా మందగించింది. గ్వాలినో 1964లో ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. అతను కొన్న బొత్తిచెల్లి వీనస్ ఇప్పుడు తురిన్‌లోని సబౌదా ప్రదర్శనశాలలో ఉంది.

‘చేదు బియ్యం’ మీకు చూసే వీలు కలిగితే చివరి రెండు నిమిషాలు మళ్ళీ వెనక్కి తిప్పి చూడండి. హారం నకిలీదని తెలిసి వాల్టర్‌ను కాల్చిన సిల్వానా ఎత్తు మీంచి దూకి చనిపోతుంది. నలభై రోజుల పని ముగించి ఇళ్ళకు బయల్దేరిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, తమ సంచిలోంచి పిడికెడు బియ్యం తీసి ఆమె శవం మీద చల్లి వెళ్తారు. ఎన్ని పిడికెళ్ళో లెక్కపెట్టండి. ప్రతి పిడికెడూ కూలిలోంచి తీసిందే.